వాటం

ఫోను గోడకానించి
మగ్గుడు నీళ్లు పోశాడు గౌరీశు.
"సూడండి మేడమ్, ఎటెల్తాయో."

దోహాలో నైట్ డ్యూటీ. మందుల ట్రాలీ పక్కన నిలబడి
పెదవాల్తేరులో నా బాత్రూమ్ నేల మీద
నీళ్ల వెనకాలే వెళ్లాను.
నేనడిగిన బూడిద రంగు టైల్సే.
ఉప్పుగాలి తినేసిన పాత కుళాయి
కిటికీలో ఇంకా ఉంది.

జాలీ దాకా వెళ్లినట్టే వెళ్లి
కమోడు మూలలో ఆగాయి,
అరచేతంత మడుగు.
సిగ్నల్ అంతంతమాత్రం.
అతను ఊరుకుంటే నాకు తెలిసేది కాదు.

"వాటం సాల్లేదండి. నాలుగు టైల్సు ఇప్పేత్తాను.
కూలి అడగన్లెండి."

అతని బిల్లులు
ఎన్నిసార్లు కూడి చూశానో, మళ్లీ మళ్లీ.

ఇక్కడ నా అద్దె గదిలో
స్నానం చేస్తే నీళ్లు చీలమండల దాకా నిలుస్తాయి.
నాలుగేళ్లయింది.
ఎవరికీ చెప్పలేదు.