పదిహేడో పేజీలో పెన్సిల్ గీత

విక్ రేవు నుంచి లిబ్‌స్టర్ దాకా
పుస్తకాల బండి నడుపుతాను, మంగళవారాలూ శుక్రవారాలూ.
బండిలో రెండు వేల పుస్తకాలున్నా
తిట్లు తినేది ఒక్కటే:
మా ఊరి పోలీసుల మీద
ఎవరో ఎడిన్‌బరోలో కూర్చుని రాసిన నాలుగు వందల పేజీల నవల.
అట్ట మీద పొగమంచు, ఒక దీపస్తంభం,
మా ఊళ్లో లేని ఒక వంతెన.

తిట్టినవాళ్లే మళ్లీ అడుగుతారు.
తేదీల కాగితం నిండిపోతే
దాని మీదే ఇంకోటి అంటించాను.

పాస్టరు గారి భార్య ఎఫీ బ్రెమ్నర్
బూతుమాటలు లెక్కపెట్టింది. నూట ముప్ఫై ఆరట.
"దీని రెండో భాగం ఎప్పుడొస్తుంది?" అంది
అదే ఊపిరితో.

చేపల షెడ్డులో కత్తి పట్టే జీనా వేర్స్ పెదవి విరిచింది:
"రోజంతా హెర్రింగులు కోసిన మనిషి
ఇంటికొచ్చి ఉత్తరం రాసిందట,
ఆ ఉత్తరానికి వాసనే లేదట!
ముక్కు లేనివాడు, వీడేం డిటెక్టివు?"

పీతలు పట్టే డోనల్డ్ స్వాన్సన్‌కి వానతో పేచీ.
"పుస్తకంలో వాన పైనుంచి పడుతుంది.
ఇక్కడెప్పుడైనా పైనుంచి పడిందా?
సముద్రం మీంచి అడ్డంగా వచ్చి చెవిలో దూరుతుంది గానీ."
అయినా వదల్లేదు, పడవలో కూర్చునే ముగించాడు.
నూట నాలుగో పేజీలో ఉప్పునీటి మరక వాడిదే.

పుర్రెకో బుద్ధి. నాకేం అభ్యంతరం లేదు.
కానీ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట:
ఓడ మేటు మోవట్ మీద అనుమానం.
మొదట్నుంచీ వాడే అనుకున్నాం అన్నారు.
పాల సీసా కొనడానికెళ్లినా దొంగనడకే అన్నారు.
చివరికి హంతకుడు వేరే మనిషని తేలితే
రచయిత మోసం చేశాడని ఇద్దరు,
భలే మలుపని ముగ్గురు.
పాపం మోవట్, అన్నవాళ్లు లేరు.

ఆ ఏకాభిప్రాయం ఎక్కడిదో మొన్న తెలిసింది.
పదిహేడో పేజీలో
మోవట్ పేరు మొదటిసారి వచ్చిన చోట
పెన్సిల్‌తో గుండ్రంగా ఒక చుట్టు,
పక్కన రెండు మాటలు: చంపింది వీడే.
కింద తేదీ. ఏడంకె నడుముకి చిన్న అడ్డగీత.

ఆ ఏడు నాకు తెలుసు.
ఒకప్పుడు నా కారు అద్దానికి అంటించిన జరిమానా చీటీ మీద
చూశాను దాన్ని.
సార్జెంట్ హ్యూ డనెట్.
ఇప్పుడు రిటైరయ్యాడు, కుక్కతో వస్తాడు,
బండి ఎక్కడు, మెట్టు మీదే నిలబడతాడు.

ఉప్పు గోదాము తగలబడిన ఏడాది
మాగ్నస్ కాగిల్‌ని పదకొండు రోజులు లోపల పెట్టించింది ఆయనే.
గుమ్మడికాయల దొంగ ఎవరంటే
భుజాలు తడుముకోని మనిషి మాగ్నస్.
అదే వాడి మీద సాక్ష్యం అన్నారు అప్పట్లో.
నిప్పు పెట్టింది పాత కరెంటు తీగని తేలేసరికి
వాళ్లమ్మ కిటికీ అద్దాలు రెండుసార్లు పగిలాయి.
మాగ్నస్ ఆర్క్‌నీ పడవెక్కాడు.

నిన్న రాత్రి రబ్బరు తీసుకుని చెరిపేశాను.
సీసం పోయింది. నొక్కు పోలేదు.

ఇవాళ డనెట్ వచ్చాడు.
"ఎలా ఉంది పుస్తకం?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.
"పోలీసు పని ఒక్క ముక్క తెలీదు రాసినవాడికి.
ఆఖర్న ఇన్‌స్పెక్టరు ఆ మోవట్ ఇంటికెళ్లి
తలుపు తట్టి, తప్పయిందంటాడు.
అలా ఎవరూ వెళ్లరు."
కుక్క తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.
"మళ్లీ ఇవ్వు. మూడు వారాలకి."

ముద్ర వేసి ఇచ్చాను.
మెట్టు మీదే పదిహేడో పేజీ తీశాడు,
వెలుగుకి ఏటవాలుగా పట్టి
బొటనవేలితో ఒకసారి రాశాడు.
అట్ట మూశాడు. కోటు లోపల పెట్టుకున్నాడు.

"ఆ వాన మాత్రం నిజం," అన్నాడు వెళ్తూ.
"ఒక్క రాత్రి అలాగే పడింది, నిట్టనిలువుగా.
నేను బయటే ఉన్నాను."