షెడ్డులో ఆకాశం

ఏర్పేడు దాటినాక, రైలు పట్టాలకు ఇవతల
రేకుల షెడ్డులో మేం ఆకాశం తయారుచేస్తాం.

పెద్దదేం కాదు. లారీ దూరేంత ఇనప గొట్టం.
నాలుగు పంపులూ కలిసి లోపలి గాలి తోడేస్తే
ముల్లు వణికి వణికి
అరవై వేల అడుగుల దగ్గర ఆగుతుంది.
బయట మే నెల. మునిరత్నం చొక్కా
వీపుకు అతుక్కుపోయి ఉంది.

ఇంజను ఎవరిదో మాకు చెప్పరు. పెట్టె మీద నంబరే.
అది ఎక్కడికీ పోదు,
ఎనిమిది బోల్టులు, బిగించింది నేనే.
ముందు నుంచి కాగిన గాలి తోసి
శబ్దానికి రెండింతల వేగంతో పోతున్నావని
దానికి అబద్ధం చెబుతాం.
నమ్ముతుంది పాపం. నీలంగా అరుస్తుంది.
బల్ల మీద చెంబులో నీళ్లు వలయాలు తిరుగుతాయి.

మంట తోకలోకి మొన దించాలి.
మొన ఒంట్లో నీళ్లు పారుతుండాలి, లేకుంటే కరుగుతుంది.
అక్కడి నుంచి గొట్టం వేడి తగ్గకుండా రావాలి,
చల్లబడితే కాలని చమురు గోడలకే పట్టేస్తుంది,
లెక్కకు దక్కదు.
"పాకం గరిటికి కర్సుకున్నట్ట" అంటాడు మునిరత్నం.
వాళ్ల నాయన పెనుమూరు పక్కన బెల్లం వండేవాడు,
ఆవిరి వాసన పట్టి పెనం దించమనేవాడు.
నాకు ముక్కుతో పని లేదు.
పది లక్షల్లో ఎన్ని, అంతే నా పాకం.

యంత్రంలో గుప్పెడంత చీకటి గది ఉంది.
ఒక పక్క నుంచి ఇంజను పొగ,
ఇంకో పక్క నుంచి మేమే పుట్టించిన ఓజోను.
రెండూ తగులుకున్న చోట
కంటికి ఆనని ఎర్రటి వెలుగు.
ఆ వెలుగునే లెక్కపెడతాం.
నేర్పినప్పుడు ఎవరూ చెప్పలేదు,
మూడో వారం, టిఫిన్ డబ్బా కడుగుతుంటే నాకే తట్టింది:
ఓజోను విరిగితేనే ఈ అంకె.
పైన, అసలు ఆకాశంలోనూ ఇట్లాగే విరుగుతుంది,
అక్కడ పక్కన పుస్తకం పట్టుకుని ఎవరూ నిలబడరు.

నూట అరవై రెండు.

అయిదింటికి పంపులు ఆపాం.
షెడ్డు గాలి ఈల వేస్తూ ఆకాశంలోకి చొరబడింది.
మునిరత్నం తలుపు తీసి, నాజిల్ దగ్గర వంగి,
కళ్లు మూసుకుని వాసన చూశాడు.
"సెగ ఎక్కువైపోయిండాది మేడం."

ఆ మాటకు ఫారంలో గడి లేదు.
అంచున పెన్సిలుతో రాశాను.
రేణిగుంటలో దిగే సాయంత్రం విమానం
మా రేకుల మీదుగానే పోయింది.
అతను తల ఎత్తలేదు,
పాత బనియన్ గుడ్డతో మొన తుడుస్తున్నాడు.