వల కన్ను

ఆటోనగర్‌లో మధ్యాహ్నం. రేకుల షెడ్డు కింద
రెండు టైర్లు గోడకి ఆనించాడు సన్యాసినాయుడు,
పందెం పొట్టేళ్లని చూపించినట్టు.

ఒకటి మడ్ టెర్రైన్. దిమ్మలు దిమ్మలుగా రబ్బరు,
మధ్యలో నా బొటనవేలు మునిగేంత సందు.
ఇంకోటి ఆల్ టెర్రైన్. దగ్గర దగ్గర పళ్లు.
ఎక్కడికైనా వస్తానంటుంది, దేనికీ మొండికెయ్యనంటుంది.
అంత మంచితనం అంటే నాకు కొంచెం అనుమానం.

"ఎక్కడ తిరుగుద్దమ్మా నీ జీపు?"
అడిగాడు, ముక్కు మీదికి కండువా లాక్కుంటూ.
సగం జవాబు జీపు వాసనే చెప్పేసింది:
ఎనిమిదేళ్ల నెత్తళ్లు, సావళ్లు, ఉప్పు కక్కిన వంజరం ముక్కలు
సీట్ల స్పాంజిలోకి దిగిపోయాయి.

మిగతా సగం నేను చెప్పాను.
వేకువన ఫిషింగ్ హార్బర్లో బస్తాలెక్కిస్తాం.
పెందుర్తి, చోడవరం, మాడుగుల, ఆపైన పాడేరు ఘాట్.
నూటపది కిలోమీటర్లు తారే.
తర్వాత పదకొండు
ఎర్రమట్టి.

"నూటపదికి కొంటావా, పదకొండుకి కొంటావా?"
మడ్ టైరు తారు మీద తుమ్మెదలా రొద పెడుతుందట,
డీజిలు తాగేస్తుందట,
తడి తారు మీద బ్రేకు కొడితే ఆగుతుందట గానీ
మనం అనుకున్న చోట కాదట.
రెండోది నెమ్మదస్తురాలు, ఎక్కువ కాలం వస్తుంది.
"కానీ ఎర్రమట్టి పట్టిందా, పళ్లు పూడిపోయి
బోడిగుండైపోద్ది. మరి నీ ఇష్టం."

వంగి ఆ సందుల్లో వేళ్లు పెట్టి చూశాను.
మా నాన్న మైలపల్లి గురయ్య వల కొనేముందు ఇలాగే
కన్నులో వేళ్లు దూర్చేవాడు.
రెండు వేళ్ల కన్ను, మూడు వేళ్ల కన్ను.
కన్ను చిన్నదైతే అన్నీ పట్టుకుంటుంది,
నాచు, పీతలు, పగిలిన గవ్వలు. లాగలేక చేతులు కోసుకుపోతాయి.
పెద్దదైతే అక్కర్లేనిది వదిలేస్తుంది.
వదలడం తెలిసిన వలే ఒడ్డుకొస్తుంది
అని ఆయనేం అనలేదు. ఆయన మాటలు తక్కువ.
నేనే అనుకుంటున్నాను, టైరు ముందు గొంతుక్కూర్చుని.

పోయిన ఆగస్టులో
బొడ్డపుట్టు మలుపులో పాత టైర్లు బోడిగుండై
జీపు అడ్డంగా జారి పనసచెట్టుకి ఆనుకుంది.
సంత వినిపిస్తోంది, కనిపించడం లేదు.
క్లీనరు కిల్లో బొంజుబాబు, ఆ కొండ పిల్లాడే,
దిగి నాలుగు చక్రాల్లోనూ గాలి తీశాడు,
వాల్వులో పుల్ల పెట్టి, చెవి దగ్గర పెట్టి వింటూ.
మెత్తబడ్డ టైరు మట్టి మీద అరచెయ్యిలా పరుచుకుంది.
పదడుగులు కదిలింది. ఆగింది. మళ్లీ పదడుగులు.
మేం చేరేసరికి అనాసల వాళ్లు వెళ్లిపోయారు.
ఒక్క ముసలమ్మ మాత్రం కూర్చునుంది
వెదురుకొమ్ముల గంప ముందు పెట్టుకుని.
"ఇంత పొద్దెక్కి తెస్తావా నెత్తళ్లు?" అని తిట్టి
ఎప్పటి కొలతకే తీసుకుంది.

"ఏటమ్మా, తేల్చవేటి?" అంటున్నాడు నాయుడు.
మట్టిలో జారితే పనసచెట్టు పట్టుకుంది.
ఘాట్ దిగుతూ తడి తారు మీద జారితే
పట్టుకునేదెవరు?
బొంజుబాబుని అడిగాను, ఏదిరా అని.
వాడు స్టీలు ప్లాంటు మీది మబ్బు చూస్తున్నాడు.
"ఏదైనా సరే. గాలి తీసేది నేనే కదా."

ఆల్ టెర్రైన్ నాలుగు దింపించాను.
మిగిలిన డబ్బుకి రెండు పారలు, ఒక గాలి పంపు.
మోకు కూడా చూపించాడు, నచ్చలేదు.
మోకు హార్బర్లోనే కొంటాను.

గాజువాక జంక్షన్లో కొత్త రబ్బరు చప్పుడే లేదు.
వెనక బస్తాల్లో చేప ఎప్పుడో ఎండింది, ఉప్పు పట్టింది.
దానికేం తొందర లేదు, తొందరంతా నాదే.
"ఈ ఆగస్టు కూడా దిగబడతామా అక్కా?"
దిగబడతాం, అన్నాను.
మబ్బు మాకంటే ముందే
ఘాట్ వైపు బయల్దేరింది.