రొయ్య పొట్టు

తెల్లవారుజాము నాలుగింటికి
విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఐసు పగిలే చప్పుడు.
బోటు దిగిన రొయ్య బుట్టలోకి,
బుట్ట చోడిపల్లి పరదేశమ్మ ముందుకి.
తల తుంచి, పొట్టు ఒలిచి, నరం లాగి,
కిలో ఒలిస్తే ఇంత అని కూలి.
ఒలిచిన రొయ్య లారీ ఎక్కుతుంది.
పొట్టు కాకులకీ, కాలవకీ.

లెక్క రాసేది నేను.
పదో తరగతి తప్పాను గానీ
అంకె ఎప్పుడూ తప్పలేదు.

మొన్న మాఘంలో
ఇస్త్రీ మడత చెదరని చొక్కాతో ఒకాయన వచ్చాడు.
ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే
పొట్టు కుప్పని ప్రేమగా చూశాడు.
"అమ్మా, దీన్ని పారేస్తున్నారా?" అన్నాడు,
మేమేదో పిల్లాణ్ణి బజార్లో వదిలేసినట్టు.
పొట్టులోంచి పొడి తీస్తారట,
పొడితో పుండు మీద వేసే పట్టీ చేస్తారట,
వరి నారుకి బలం మందట, మురికి నీటికి వడపోతట.
సముద్రం ఇచ్చిందేదీ వృథా పోని కాలం వస్తోందట.
కిలోకి రెండు రూపాయలిస్తామన్నాడు.

సంబరపడ్డాం, నిజం చెప్పొద్దూ.
కాకి తినేదానికి కాసులు!
గరికిన లచ్చయ్యమ్మ అయితే
మాటల్లోనే ముక్కుపుడక కొనేసింది.

పరదేశమ్మ మాత్రం
చేతులు చీరకి తుడుచుకుని
"పట్టీ సూపించు నాయనా" అంది.
సంచిలోంచి తీశాడు.
తెల్లగా, అగ్గిపెట్టె అంత.
"ఎంతేటి?"
"మూడొందల నలభై."

కాసేపు ఐసు కరిగే చప్పుడే.
ఆవిడ కుడిచేతి వేళ్ళు విప్పి చూపించింది:
రొయ్య కొమ్ము గుచ్చుకున్న చోటు,
చలి నీళ్ళలో నాని తెల్లబడి పగిలిన చోటు,
ఉప్పు కొరికిన చోటు.
"నా ఏలు కోసిన పొట్టే
నా ఏలికి కట్టు అవుద్దంటావు.
ఆ మజ్జెన మూడొందల ముప్పై ఎనిమిదీ
ఎవులింట్లో ఉంటాదో రాసుకోయే" అంది నాతో.
ఆ గడి పుస్తకంలో ఇప్పటికీ ఖాళీ.

పచ్చి పొట్టు అమ్మం అన్నాం.
పచ్చిది మధ్యాహ్నానికి కుళ్ళిపోతుంది.
కుళ్ళే సరుకు ఉన్నవాళ్ళకి బేరం ఉండదు.
ఎండింది వారం ఆగుతుంది,
వారం ఆగగలిగితేనే
"కుదరదు" అనే మాట నోటికొస్తుంది.

యారాడ కొండ నీడ పడని చోటు వెతికి
చప్టా మీద పాత వలలు పరిచి ఎండేశాం.
కుక్కలతో యుద్ధం, గద్దలతో యుద్ధం,
కంపు కొడుతోందని ఎదురు అపార్ట్‌మెంటు వాళ్ళ అర్జీ.
ఒక్క అకాల వాన మూడు క్వింటాళ్ళు మింగింది.
లచ్చయ్యమ్మ నాలుగు రోజులు
చాటుగా పచ్చిదే అమ్ముకుంది.
ఎవరం ఏమీ అనలేదు.
ఆవిడ మొగుడికి వారానికి రెండుసార్లు డయాలసిస్.

చివరికి ఒప్పందం కాయితం వచ్చింది.
కిలోకి పదకొండు. తూకం మా కాటా మీదే.
పొడి అమ్మగా వచ్చిన లాభంలో
నూటికి ఆరు జాలారిపేట పేరున.
అంతా బాగుంది, ఒక్క వాక్యం తప్ప:
ఏడాది పొడవునా, ఏ రోజూ ఆగకుండా
సరఫరా చేయవలెను.

చదివి వినిపించాను.
పరదేశమ్మ నవ్వింది,
పోకచెక్క నమిలిన ఎర్రటి నవ్వు.
"ఏట ఆపిన అరవయ్యొక్క రోజుల మాటేటి?
గంగమ్మ పురిట్లో ఉంటే
పొట్టు కోసం ఎల్లి తలుపు కొడతామేటి?
ఆ రోజులు ఆయమ్మవి. కాయితంలో రాయి.
ఆ రోజుల్లో మా పొయ్యి మాటా రాయి."

ఇస్త్రీ చొక్కాయన
చాలాసేపు బోట్ల వైపు చూశాడు.
ఆ రోజు రుమాలు తేవడం మరిచాడు.
పై ఆఫీసుని అడగాలన్నాడు.

అడగమన్నాం.
కాయితం నా పుస్తకంలోనే ఉంది, సంతకం లేకుండా.
ఆ వాక్యం కింద ఆవిడ వేలితో గీసిన గీత,
పొట్టు తడి ఆరిపోయి,
కొంచెం మెరుస్తోంది.