నురగ రాని నీళ్ళు

మా పక్క పోర్షన్లో దిగిన నాలుగో నాడు
బకెట్టు పట్టుకుని బోరు కాడికొచ్చింది దిల్‌మాయ.
మొగుడిది పాలిషింగు ఫ్యాక్టరీలో రాత్రి కాపలా.
చొక్కాల నిండా నల్లరాయి బురద,
ఎండితే బూడిద, తడిస్తే తారు.

చీమకుర్తి నీళ్ళ సంగతి ఆమెకెవరు చెప్తారు?
రుద్దింది. ఇంకా రుద్దింది.
సబ్బు అరిగిందే గానీ నురగ లేదు.
విరిగిన పాలల్లే
బకెట్లో తెల్లటి తరకలు తేలినయి.
సబ్బుముక్క వాసన చూసింది,
ఎండకి పెట్టి అటూ ఇటూ తిప్పింది,
కొట్టాయన మోసం చేశాడనుకుందేమో
నైటీకి చేతులు తుడుచుకుని బజారు వైపు బయల్దేరింది.

ఆగమ్మే, అన్నాను.
ఆమెకి తెలుగు రాదు, నాకు నేపాలీ రాదు,
మధ్యన బోరు.
ఒక చుక్క వేలికి తీసుకుని
ఆమె నాలిక మీద రాశాను.
మొహం చిట్లించింది.
నా పేరు కూడా తెలియకముందే
మా నీళ్ళ ఉప్పు తెలిసింది ఆమెకి.

ఇక చెప్పుకుంటా పోయాను.
గుప్పెడు సోడా. రాత్రంతా నానాల.
ఆఖరి జాడింపుకి ట్యాంకరు నీళ్ళు, అవీ రెండు చెంబులే.
రంగుగుడ్డ తిరగేసి ఆరెయ్యి, మా ఎండ రంగు తింటది.
క్వారీ లారీలు కదలకముందే తీసెయ్యి,
లేకపోతే కొండంతా వచ్చి
నీ దండెం మీద కూర్చుంటది.
అన్నీ చేతులతోనే.
లారీ ఒక్కటి నోటితో, బుర్రుమని.
నవ్వింది.
పన్ను మీద పన్నుందని అప్పుడే చూశా.

మాలకొండమ్మ, అని పలకలేక
దిదీ అంటది నన్ను.

రోహిణీ కార్తెలో ఒక మజ్జానం
పిట్ట కూడా గడప దాటని ఎండలో
ఉన్ని స్వెట్టరు ఉతుకుతా కనపడింది.
ఎవురేసుకుంటారు మే దాన్ని ఇక్కడ?
పిండితే కారిన నీళ్ళు
కాలవ దాకా పోకుండానే ఆవిరైనయి.
ఆరినాక బుగ్గకి ఆనించుకుని చూసి
మడతపెట్టి లోపలికి తీసకపోయింది.
మళ్ళా నెలకి మళ్ళా అంతే.
నవ్వబోయి ఆగా.

నేనూ కొత్తదాన్నే కదా ఒకప్పుడు, కువైట్లో.
కుడినించి పాకే అక్షరాల మిషను,
ముసలామె తెల్ల దుప్పట్లు,
వాటిల్లో ఎట్టా కలిసిందో నా ఎర్ర జాకెట్టు.
అద్దం వెనకాల తెలుపు గిరగిర తిరిగి
గులాబీ అవుతా ఉంటే
తలుపు తియ్యడం తెలియక
అద్దం మీద రెండు అరచేతులేసి నిలబడ్డా.
రెండు నెలల జీతం కోశారు.
ఒక దుప్పటి నా మొహాన కొట్టారు.
ఏం తిట్టారో నాకు ఇప్పటికీ తెలీదు.

ఊరొచ్చి ఎవురికీ చెప్పలా.
మా ఆయనకి చెప్పలా, అక్కకి చెప్పలా.
ఆ మజ్జానం బోరు గట్టు మీద కూర్చుని
దిల్‌మాయకి చెప్పా, మొత్తం.
అర్థం కాదు కదా, అందుకని.
విన్నది. పిండే గుడ్డ పిండకుండా విన్నది.
తర్వాత ఆమె ఎత్తుకుంది, తన మాటల్లో,
చానాసేపు.
లుగా అన్న మాటొక్కటి పట్టుకున్నా.
గుడ్డలు.
తతిమ్మాదంతా నీళ్ళల్లో పోయింది.

నిన్న వాన.
రేకుల చూరు కింద బిందెలు, బకెట్లు, అన్నం గిన్నె కూడా పెట్టాం.
వాన నీళ్ళకి మా ఊరి ఉప్పు ఇంకా అంటలా.
అరగదీసిన సబ్బుతుంపు అట్టా రుద్దిందో లేదో
మోచేతుల దాకా తెల్లగా పొంగింది.
ఫీంజ్! అని అరిచింది దిల్‌మాయ,
తప్పిపోయిన మేకపిల్ల కనపడినట్టు.
నురగ, అన్నా నేను.
నురగా, అంది.
ఫీంజు, అన్నా.
స్వెట్టరు తెచ్చింది. ఉతికిందే, మళ్ళా.

నేను లోపలికి పోయి
పెట్టె అడుగునించి దుప్పటి తీశా.
పదకొండేళ్ళకి మొదటిసారి తడిసింది.
చెరో కొస పట్టుకుని
ఆమె అటు, నేనిటు మెలితిప్పాం.
గులాబీ పోలా.
పొమ్మని నేనూ గట్టిగా రుద్దలా.