కౌంటు

కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు.
ముప్పై తూగితే ముప్పై, వంద తూగితే వంద.
అంకె చిన్నదైతే రొయ్య పెద్దది.
ఈ తిరకాసు లెక్క ఒంటబట్టడానికి
నాకో వర్షాకాలం పట్టింది.

భీమవరం అవతల ప్లాంటులో
ఐసుకి వేళ్లు మొద్దుబారే బల్ల చుట్టూ
ఇరవైమందిమి, ఎవరి ఊరు వాళ్లది.
తలలు తీస్తూ, మొగుళ్ల సంగతులు అయిపోయాక
ఊళ్ల సంగతులు మిగిలాయి.

"కాకినాడ ఎన్ని కౌంటే?" అని మొదలెట్టింది ధనకుమారి.
ఇరవై, అన్నాం.
రాజమండ్రీ ఇరవయ్యే, కాస్త బొద్దు.
భీమవరం ముప్పై.
పాలకొల్లుకి నలభై వేస్తే ఏసుమణి ఒప్పుకోలేదు,
దాని పుట్టిల్లు మరి.
"రైలాగుద్ది, బట్టలకొట్లున్నాయి, ముప్పై అయిదు వెయ్యండి" అని
గ్లౌజు విప్పి మరీ దెబ్బలాడింది.
నరసాపురం సంగతి తేలలేదు.
రైలుపట్టా అక్కడితో ఆఖరు.
పట్టా చివరున్న ఊరిని
ముందునించి కొలవాలా, వెనకనించా?

తర్వాత మా ఊళ్లు. అసలు గొడవంతా అక్కడే.
"మాకు ఏటీఎం ఉంది."
"ఉంటే? ఎప్పుడు చూసినా షట్టరేగా."
"బస్సు మా ఊళ్లోకొచ్చి తిరుగుద్ది, మిమ్మల్నైతే పుంతమలుపులో దింపేసి పోద్ది."
"మాకు రెండు చర్చీలు, రెండు రామాలయాలు, మొత్తం నాలుగు మైకులు."
"అయితే మీరు నిద్రే పోరన్నమాట. అరవై కౌంటు!"

మా ఊరు నేనే చెప్పేశాను, ఎవరూ అడక్కముందే.
నూటయాభై.
మందులషాపు లేదు,
జ్వరమొస్తే మాత్ర కోసం సైకిలెక్కేవాళ్లు అయిదుగురున్నారు.
మా అత్త అంటూంటుంది,
నువ్వు దగ్గితే పక్కవీధికి వినపడేది చిన్నూరు,
నువ్వు పోయినా పక్కవాటాకి తెలీంది పెద్దూరు అని.
దగ్గు సంగతి నిజమే.
దొంగచాటుగా ఏడవడానికీ చోటుండదు మా ఊళ్లో.
అది మాత్రం అత్త చెప్పదు.

సూపర్‌వైజరు తాతబ్బాయి "మాటలు తగ్గించండమ్మా" అంటూ వచ్చి
"మాది ఎనభై, రాసుకోండి" అని వెళ్లిపోయాడు.

కాసులమ్మ ఒక్కతే నోరు విప్పలేదు.
లంకలో ఉంటుంది.
గుచ్చి గుచ్చి అడిగితే, చేతిలో రొయ్య వదలకుండానే అంది:
"నేను కాపరానికొచ్చిన కొత్తలో
గుమ్మంలో చుట్ట ముట్టించి ఏటికి బయల్దేరితే
నీళ్లు తగిలేసరికి చుట్ట అయిపోయేది.
మధ్యలో కొబ్బరితోట, కందచేను, మా బావగారి పాక.
ఇప్పుడు అగ్గిపుల్ల ఆరకముందే నీళ్లు.
ఏటేటా పెరుగుతుందే మా ఊరి కౌంటు."

"పెరిగితే మంచిదేగా పిన్నీ" అంది
మొన్న సోమవారం చేరిన పిల్ల.
ఎవరం దిద్దలేదు.
ఐసు ట్రేలు మారాయి.
కాసేపటికి ధనకుమారి తణుకు ఎంతని అడిగింది గానీ
ఎవరూ చెప్పలేదు.

నీళ్లు తగ్గిన నెలల్లో కాజ్‌వే తేలుతుంది,
అప్పుడు వ్యాను లంకలోకీ దిగుతుంది.
రోజూ కాసులమ్మ ఇంటిముందు తిప్పుకుని వచ్చేస్తాం.
ఇవాళ డ్రైవరు బోరింగు దగ్గరే ఆపేశాడు.
"అక్కడ తిప్పడానికి చోటు చాలట్లేదమ్మా.
మొన్న వెనకచక్రం జారింది."
"పర్లేదు బాబూ, నడుస్తాను" అని
క్యారేజీ అందుకుని దిగింది.

వ్యాను వెనక్కి తిరిగేలోపు
చీకట్లో అగ్గిపుల్ల గీసిన వెలుగు.
చుట్ట అంటుకుంది.
నిప్పుకొస నోట్లోకి తిప్పుకుంది.
ఆ తర్వాత ఇక
ఆవిడెక్కడుందో, ఊరెక్కడుందో
నాకు కనపడలేదు.