ఫిబ్రవరి మిణుగురు

ఔలులో నాలుగున్నరకే చీకటి దిగింది.
నా చేతిలోని గొట్టంలో
మిణుగురు పొట్టలో వెలిగే ప్రోటీన్ చచ్చిపోయింది.
చంపింది నేనే,
నలభై రెండు డిగ్రీల నీళ్ళలో పది నిమిషాలుంచి.

విరిగిన పాలలా తెల్లటి పలుకులు.
కడుపులో దాచుకోవాల్సిన జిడ్డుమడతలు
నలుగురిలో బయటపడితే
ఒకదాన్నొకటి కరుచుకుని
కుప్పకూలడమే గతి.
వెలుతురు కొలిచే యంత్రం పదమూడంది.
అది ఖాళీ గొట్టానికి కూడా వచ్చే అంకె.

కెర్తు తలుపు దగ్గర నిలబడి చూసింది.
ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఈ గదిలో
గాజుసామాను కడిగి, ద్రావణాలు కలిపి,
ఏడ్చే విద్యార్థులకి కాఫీ పోసిన మనిషి.
"ఉడికిన గుడ్డుని బతిమాలుతున్నావా, తైమీ?
తోడుని వేడికి ముందే వెయ్యాలి.
తర్వాత వేస్తే అది పరామర్శ."

శనివారం సరస్సు పక్క సౌనాకి లాక్కెళ్ళింది.
రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు –
బుస్సుమని లేచిన ఆవిరి
చెవితమ్మెలు కొరికింది.
కెర్తు వాళ్ళమ్మ పుట్టింది ఇక్కడేనట,
మసి పట్టిన ఈ కింది బల్ల మీద.
మంత్రసాని పేరేమిటని అడిగాను.
ఎవరికీ గుర్తు లేదంది.

బిడ్డ ముక్కు ఎలా ఉండాలో మంత్రసాని చెప్పదు కదా.
తలుపు మూస్తుంది, నీళ్ళు కాస్తుంది,
పట్టుకోవాల్సినంత సేపు పట్టుకుని
వదలాల్సినప్పుడు వదిలేస్తుంది.

నా చర్మం కిందా అప్పుడు అదే పని.
వేడి తగలగానే కణకణంలో
పేరు లేని చేతులు నిద్రలేచి
విప్పుకుపోతున్న ప్రతి దారాన్నీ
గుంపుకి దూరంగా పక్కకి తీసుకుంటున్నాయి.
కొన్ని చేతులు కావు, మూత ఉన్న పీపాలు:
ఒక్క ప్రోటీన్‌నే లోపలికి రానిచ్చి
కొద్ది క్షణాల ఏకాంతం ఇచ్చి
మూత తీస్తాయి.
మడత కుదిరితే సరే.
లేకపోతే మళ్ళీ రా.

సోమవారం, రెండో గొట్టం.
వేడికి ముందే తోడుని వేశాను,
దాని ఇద్దరు సహాయకులని, ఏటీపీని.
వేడి చేశాను. చల్లార్చాను. కూర్చున్నాను.
పట్టు, వదులు. పట్టు, వదులు.
ఆ చేతులకి మడత తెలియదు,
మడత ఆ దారంలోనే, పూసల వరసలోనే ఉంది.
వాటికి తెలిసిందల్లా
ఇది ఇంకా తయారు కాలేదని.

వదిలిన ప్రతిసారీ ఒక ఏటీపీ ఖర్చు.
తేరుకున్న ప్రోటీన్ వెలగడానికీ
అదే నాణెం.
నాలుగొందలు. రెండువేల చిల్లర. పదకొండువేలు.
దీపాలార్పేసి గొట్టానికి కళ్ళు ఆనించాను.
బయట గడ్డకట్టిన సరస్సు,
లోపల, ఉందా లేదా అన్నంత,
జూన్ నెల పచ్చదనం.

నూటికి ముప్ఫై తిరిగి రాలేదు.
అది కూడా నోటుపుస్తకంలో రాశాను.

వెలిగేదాన్ని ఎంత దగ్గరగా చూసినా
పట్టుకున్న వేళ్ళ గుర్తు ఉండదు.
నా వ్యాసంలో కెర్తు పేరు చివరి పేజీలో,
యంత్రం కంపెనీ పేరు కింద.
పైకి తెద్దామని ప్రొఫెసర్‌ని అడిగాను.
ఆయన చలనచిత్రం చివర పేర్లు చూసేవాడిలా
ఓపిగ్గా నవ్వాడు.
కెర్తుకి చెబితే, "పిపెట్ సరిగ్గా పట్టుకో" అంది.

రేపు కొత్త కుర్రాడు చేరుతున్నాడు.
నీళ్ళతొట్టి ఇంకా వేడెక్కలేదు.
మంచుపెట్టెలో అప్పుడే
అతని పేరు రాసిన చిన్న గొట్టం.